రేజర్ పక్కన పెట్టి వ్యాక్సింగ్‌కి ఎప్పుడు మారాలి?

మా కజిన్ నిశ్చితార్థం ఆదివారం. నేను శనివారం సాయంత్రం పార్లర్‌కి వెళ్లి చేతులకీ కాళ్లకీ వ్యాక్స్ చేయమన్నాను. రేజర్ పెట్టి అప్పటికి ఎనిమిది రోజులు. అక్కడి అమ్మాయి నా మోకాలి కింద వేలితో ఎదురు రాసి చూసి, "చిన్నగా ఉన్నాయి మేడమ్, రావేమో" అంది. "పర్లేదు, ట్రై చెయ్యండి" అన్నాను. ఆ "పర్లేదు" నుంచి తేరుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒకే చోట మూడేసిసార్లు పట్టీ వేసి లాగితే ఊడొచ్చినవి కొన్ని, చర్మం దగ్గరే తెగిపోయినవి చాలా. తెగినవి వారం తిరిగేసరికి ఎర్రటి పొక్కులయ్యాయి. పొక్కులు మానాక గోధుమరంగు చుక్కలు మిగిలాయి. నిశ్చితార్థానికి కొన్న మోకాళ్ల పొడవు గౌను బీరువాలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి ఎవరైనా షేవింగ్ మంచిదా, వ్యాక్సింగ్ మంచిదా అని అడిగితే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: ఆఖరుసారి రేజర్ ఎప్పుడు పెట్టావు?

ఊళ్లో పెరిగినవాళ్లకి ఈ రెండింటికీ తేడా చెప్పడం తేలిక. షేవింగ్ వరికోత, వ్యాక్సింగ్ కలుపుతీత. కోసిన చేలో చెప్పుల్లేకుండా నడిస్తే కొయ్యకాళ్లు అరికాళ్లకి గుచ్చుకుంటాయి చూడండి, షేవ్ చేసిన రెండో రోజు కాలి మీద చెయ్యి వేస్తే గరగరలాడేది అదే. మామూలుగా పెరిగిన వెంట్రుకకి కొస సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మొదట్లో, లావుగా ఉన్న చోట అడ్డంగా కోస్తుంది. ఆ మొండి కొస బయటికొచ్చినప్పుడు వెంట్రుక లావెక్కినట్టు అనిపిస్తుంది తప్ప లావెక్కదు. "షేవ్ చేస్తే మగాళ్లకి వచ్చినట్టు వస్తాయే" అని భయపెట్టే పిన్ని ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. కానీ 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మగవాళ్ల గడ్డాల మీదే పరీక్షించి, గీసినందువల్ల వెంట్రుక మందం గానీ, రంగు గానీ, పెరిగే వేగం గానీ మారవని తేల్చారు. ఆ ఒక్క భయంతోనే మారాలనుకుంటుంటే మారక్కర్లేదు. రేజర్‌తో మీకు ఇబ్బందేమీ లేకపోతే దాన్నే వాడుకోండి.

మారాల్సిన కారణాలు వేరే ఉన్నాయి. రెండు రోజులకోసారి గీయాల్సి రావడం. గీసిన ప్రతిసారీ చర్మం మండి ఎర్రగా కావడం. చంకల్లో బ్లేడు రాపిడికి నలుపు తేలడం. వీటిలో ఏదైనా మిమ్మల్ని విసిగిస్తుంటే వ్యాక్సింగ్ ఆలోచించొచ్చు, ఎందుకంటే కుదుళ్లతో వచ్చిన వెంట్రుక మళ్లీ పైకి రావడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది, అదీ సన్నటి కొసతో వస్తుంది. గరగర ఉండదు.

ఇక ఎంత ఆగాలన్న లెక్క. కలుపు మొక్క మరీ లేతగా ఉంటే వేళ్లకి అందదు. అందినా ఆకులు తెగి చేతిలోకొస్తాయి, వేరు నేలలోనే ఉంటుంది. వ్యాక్స్‌కీ అంతే, పట్టు దొరకాలంటే వెంట్రుక ఐదారు మిల్లీమీటర్లు ఉండాలి. పార్లర్లలో బియ్యపు గింజంత అంటారు. బాస్మతి కాదు, మనం రోజూ వండుకునే సోనా మసూరి గింజ. ఒంటి మీది వెంట్రుక రోజుకి మిల్లీమీటర్లో పావు వంతు, కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. దాన్నిబట్టి లెక్కేస్తే కాళ్లకి మూడు వారాలు వస్తుంది. చంకల్లో కాస్త వేగంగా పెరుగుతాయి కాబట్టి అక్కడ రెండు వారాలకే సరిపోవచ్చు. చేతుల మీద సన్నగా ఉండేవాళ్లకి మూడు వారాలు దాటినా తప్పులేదు. రోజులు లెక్కపెట్టడం కంటే నిజంగానే ఒక బియ్యపు గింజ కాలి మీద పెట్టి పోల్చి చూసుకోవడం నయం. నవ్వకండి, నేను చేశాను.

మరీ పెరిగిపోయినా ఇబ్బందే. సెంటీమీటరు దాటితే లాగేటప్పుడు పక్కవాటితో చిక్కుపడి నొప్పి రెట్టింపవుతుంది. ముందు ట్రిమ్మర్‌తో బియ్యపు గింజ పొడవుకి కత్తిరించుకుని వెళ్లాలి. ఇక్కడ ట్రిమ్మర్ వాడొచ్చు, రేజర్ పనికిరాదు.

ఈ మూడు వారాలే అసలు గండం. మారాలనుకుని మధ్యలో మానేసేవాళ్లలో ఎక్కువమంది పదో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య మానేస్తారు. అప్పటికి కాళ్లు చూసుకోబుద్ధి కాదు, అలాగని వ్యాక్స్‌కి పొడవు చాలదు. బాత్రూమ్‌లో రేజర్ కళ్లెదుటే ఉంటుంది. "పైపైన ఒక్కసారి" అనిపిస్తుంది. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్నకి నా జవాబు: మూడు వారాలపాటు మీ కాళ్లూ చేతులూ ఎవరికీ కనిపించనవసరం లేని కాలంలో.

మన దగ్గర దానికి బాగా అనువైన రోజులు దసరా తర్వాత వస్తాయి. విజయదశమి నుంచి దీపావళి అమావాస్యకి ఇంచుమించు ఇరవై రోజుల దూరం. పండక్కి ఆఖరుసారి షేవ్ చేసుకుని రేజర్ పైన అటక మీద పెట్టేస్తే, దీపావళికల్లా మొదటి వ్యాక్స్‌కి సరిపడా పొడవొస్తుంది. వానలు వెనకబడతాయి, ఉక్కపోత తగ్గుతుంది, ఫుల్ చేతుల కుర్తాలు వేసుకున్నా చెమటకి అతుక్కోవు. అక్కణ్ణుంచి ఐదు వారాలకి రెండోసారి. మూడోసారి ఇంచుమించు సంక్రాంతి ముందు పడుతుంది. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేసరికి మీ చర్మం అలవాటుపడి ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టొద్దనే నా సలహా. విజయవాడ ఎండలో వ్యాక్స్ చేయించుకుని ఆటోలో ఇంటికొస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. లాగేశాక కుదుళ్లు ఒక రోజుపాటు తెరుచుకుని ఉంటాయి. అందులోకి చెమట, దుమ్ము, బిగుతు లెగ్గింగ్స్ రాపిడి చేరితే చిన్న చిన్న చీముపొక్కులు లేస్తాయి. అసలే చెమటకాయలు వచ్చే ఒళ్లయితే చెప్పనే అక్కర్లేదు. ఇప్పటికే అలవాటున్నవాళ్లు వేసవిలోనూ చేయించుకుంటారు, వాళ్ల సంగతి వేరు. మొదటిసారి మాత్రం చల్లటి రోజుల్లో.

నెలలో ఏ వారం అన్నదీ చూసుకోండి. పీరియడ్‌కి ముందు రెండు మూడు రోజులూ, వచ్చిన మొదటి రోజులూ నొప్పి ఎక్కువ తెలుస్తుంది. అయిపోయాక వచ్చే వారం సుఖం. ఇక మంగళ, శుక్రవారాలు. మా అమ్మ ఆ రోజుల్లో గోళ్లు కూడా కత్తిరించనివ్వదు. ఒక శుక్రవారం నేను పార్లర్‌కి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి "కత్తిరించడం కాదుగా, పీకడమేగా" అని తనే ఒక మినహాయింపు కనిపెట్టి పంపించింది.

ఇప్పుడు అందరూ నిరాశపడే చోటికి వద్దాం. మొదటి వ్యాక్స్ అయిన పది రోజులకే అక్కడక్కడ వెంట్రుకలు కనిపిస్తాయి. "నెల రోజులు రావన్నారు, ఇంత డబ్బు పోసి, ఇంత నొప్పి భరించి ఇదా?" అని మళ్లీ రేజర్ అందుకుంటారు. నేనూ అందుకున్నాను. జరిగేదేమిటంటే, వెంట్రుకలన్నీ ఒకేసారి పెరగవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని రాలడానికి సిద్ధంగా ఉంటాయి, కొన్ని కుదుళ్లలో నిద్రపోతుంటాయి. షేవింగ్ చేసేవాళ్లకి ఈ తేడా ఎప్పుడూ తెలియదు, పైకొచ్చిన ప్రతిదాన్నీ రెండ్రోజులకోసారి కోసేస్తారు కాబట్టి. వ్యాక్స్ వేసిన రోజు బయట ఉన్నవి మాత్రమే ఊడతాయి. ఆ రోజు చర్మం కింద ఉన్నవి వాటి టైమ్‌కి అవి వస్తాయి. పదో రోజున మీకు కనిపించేవి ఊడదీసినవి కావు, ఆ రోజు వ్యాక్స్‌కి చిక్కనివి. వాటిని వదిలేసి, నాలుగైదు వారాలకి రెండోసారి వెళ్తే అవీ దొరుకుతాయి. ఇలా మూడు నాలుగుసార్లు అయ్యాక గానీ నున్నగా ఉండే రోజులు మూడు వారాలకి చేరవు. మొదటిసారి చూసి తీర్పు చెప్పేస్తే వ్యాక్సింగ్‌కి అన్యాయం చేసినట్టే. మూడోసారి అయ్యాక కూడా నచ్చకపోతే అప్పుడు మానేయండి, నేనేమీ అనను.

అసలు మారకూడనివాళ్లు కొందరున్నారు.

ఒకటి రెండు నెలల్లో లేజర్‌తో వెంట్రుకలు తీయించుకోవాలనుకునేవాళ్లు. లేజర్ వెలుతురు కుదుట్లో ఉన్న నల్లటి వెంట్రుకని వెతుక్కుని దాన్ని వేడెక్కిస్తుంది. వ్యాక్స్ చేస్తే అక్కడ వెంట్రుకే ఉండదు, లేజర్‌కి పనుండదు. అందుకే క్లినిక్‌లలో కనీసం నాలుగు వారాలు వ్యాక్సింగ్, త్రెడింగ్ వద్దని, షేవ్ చేసుకునే రమ్మని చెప్తారు. ఇంత కష్టపడి రేజర్ మానేసి, తర్వాత లేజర్‌కి వెళ్లి మళ్లీ రేజర్ పట్టుకున్న స్నేహితురాలు నాకుంది.

మొటిమలకి ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు. ఆ మందు చర్మాన్ని ఎంత పలచబరుస్తుందంటే, వ్యాక్స్ పట్టీతోపాటు పైపొర కూడా లేచొస్తుంది. మందు ఆపాక కూడా ఆరు నెలలు ఆగమంటారు. ముఖానికి రాత్రిపూట రాసుకునే రెటినాల్, అడాపలిన్, ట్రెటినోయిన్ క్రీములున్నా అంతే జాగ్రత్త. ముఖం మీద వ్యాక్స్ చేయించుకునేముందు కనీసం వారం ఆపాలి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగి వెళ్లడం మంచిది.

గడ్డం కింద, మెడ మీద గట్టి వెంట్రుకలు ఈమధ్యే మొదలై, పీరియడ్స్ కూడా క్రమం తప్పితే రేజరా వ్యాక్సా అన్న చర్చ పక్కన పెట్టి గైనకాలజిస్ట్‌ని కలవండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) అయితే లోపల్నించి మందు పడాలి, పైపైన ఎంత లాగినా వస్తూనే ఉంటాయి.

మిగతావాళ్లు కూడా ఒళ్లంతా ఒకేసారి మార్చాలని రూలేం లేదు. ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే బాగుండేది. నేను చేతులకీ కాళ్లకీ వ్యాక్స్ చేయించుకుంటాను, చంకల్లో రేజర్ వాడతాను. చంకల్లో వెంట్రుకలు ఒక్కోటి ఒక్కో దిక్కుకి పెరుగుతాయి, చర్మం మెత్తన, నొప్పి ఎక్కువ, రెండు వారాలు పెంచుకుంటే స్లీవ్‌లెస్ బ్లౌజ్ వేసుకోలేను. నాలుగు నిమిషాల్లో అయిపోయే పనికి అంత అవస్థ నాకు గిట్టుబాటు కాలేదు. మా చెల్లిది సరిగ్గా తిరగేసిన లెక్క: కాళ్లకి రేజర్, చంకలకి వ్యాక్స్, నలుపు తగ్గిందని సంతోషం. బికినీ వ్యాక్స్, అంటే తొడల సందుల్లో చేసేది మాత్రం ఇంట్లో మొదటిసారే మీ అంతట మీరు ప్రయత్నించకండి. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గరే.

ఏ వ్యాక్స్ అన్నది పార్లర్‌లో అడిగే మొదటి ప్రశ్న. తేనె వ్యాక్స్ చవక, చేతులకీ కాళ్లకీ బాగానే పనిచేస్తుంది. రికా అని అందరూ పిలిచేది నూనె ఆధారంగా చేసింది, అంత వేడి అక్కర్లేదు, మంట తక్కువ, ధర ఎక్కువ. చిక్కుడు గింజల్లా ఉండే హార్డ్ వ్యాక్స్‌కి గుడ్డ పట్టీ అక్కర్లేదు, అదే గట్టిపడితే దాన్నే లాగుతారు. సున్నితమైన చోట్లకి అది మంచిది. మొదటిసారి కాళ్లకి ఖరీదైనది అవసరం లేదనే అంటాను. చంకలకి మాత్రం తేనె వ్యాక్స్‌తో పిసినారితనం పోవద్దు.

ఇంట్లో చేసుకునే పంచదార వ్యాక్స్ కూడా ఉంది. కువైట్ వెళ్లొచ్చిన మన కడప, కోనసీమ ఆడవాళ్లని అడిగితే చెప్తారు, అక్కడ దీన్ని హలావా అంటారు. రెండు కప్పుల పంచదార, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు, సన్నటి సెగ. అరిసెల పాకం పట్టడం వచ్చినవాళ్లకి ఇది చేతి విద్యే: పళ్లెంలో నీళ్లలో వేస్తే ఉండ కట్టే దశ దాటి, ఒక్క పిసరు ముదిరి, తేనె రంగుకి వచ్చాక దించాలి. లేతగా దించితే చేతికి అతుక్కుని వెంట్రుకని వదిలేస్తుంది, ముదిరితే గాజులా పగులుతుంది. పాకం వేడి మరిగే నీళ్ల వేడి కంటే ఎక్కువ. గోరువెచ్చగా అయ్యేదాకా ఒంటికి తగలనివ్వొద్దు, పిల్లలున్న ఇంట్లో పొయ్యి దగ్గరే ఉండండి.

మంచి పార్లర్ అని ఎలా తెలుస్తుందంటే, నేను ఇప్పుడు వెళ్లే చోట అక్క ఏం చేస్తుందో చెప్తాను. తెర వెనక చిన్న గది. హీటర్ మీద వ్యాక్స్ డబ్బా. చెక్క పుల్లతో కొంచెం తీసి ముందు తన మణికట్టు లోపలివైపు రాసుకుని చూస్తుంది, తర్వాత నా మణికట్టు మీద. కాలిని పొడిగుడ్డతో తుడిచి పౌడర్ అద్దుతుంది. వెంట్రుక ఎటు వాలిందో అటువైపు పలచగా పూసి, ఉతికిన జీన్స్ గుడ్డ పట్టీ వేసి, అరచేత్తో రెండుసార్లు అదిమి, ఎడమచేత్తో చర్మం బిగబట్టి, వాలుకి ఎదురు, చర్మానికి ఆనించినట్టుగా ఒక్క విసురున లాగుతుంది. పైకి లాగదు. లాగిన మరుక్షణం ఆ చోట అరచెయ్యి గట్టిగా ఆనించి ఉంచుతుంది. ఆ ఒత్తిడికి నొప్పి సగం పోతుంది, ఎందుకో నాకు తెలియకపోయినా నిజం. ఒక చోట రెండుసార్లు రాకపోతే మూడోసారి పట్టీ వెయ్యదు, ట్వీజర్‌తో తీస్తుంది. ఒంటికి తగిలిన పుల్లని మళ్లీ డబ్బాలో ముంచుతుంటే మాత్రం మొహమాటపడకుండా కొత్త పుల్ల అడగండి. ఆ డబ్బాలోకి మీకు ముందు ఎంతమందివి వెళ్లాయో తెలియదు.

వెళ్లే రోజు తలంటుకని ఒళ్లంతా నూనె రాసుకోకండి, లోషన్ కూడా వద్దు. జిడ్డుకి పట్టీ జారిపోతుంది. వచ్చాక ఒక రోజు వేడినీళ్ల స్నానం, జిమ్, డియోడరెంట్, ఈత ఏవీ వద్దు. చన్నీళ్లు, వదులు కాటన్ బట్టలు, మండితే ఐస్ ముక్క గుడ్డలో చుట్టి. మూడో రోజు నుంచి వారానికి రెండుసార్లు సున్నిపిండితో మెల్లగా రుద్దుకోండి. మృతచర్మం కింద ఇరుక్కుని వెంట్రుక లోపలికే మెలితిరగకుండా ఉండటానికి నాకు ఇంతకన్నా మంచి స్క్రబ్ దొరకలేదు.

అదే సున్నిపిండి పెళ్లికూతుళ్లకి శత్రువు. ముహూర్తం ముందు నలుగు పెడతారు కదా, పదిమంది ముత్తయిదువలు పసుపు, సున్నిపిండి కలిపి చేతులకీ కాళ్లకీ రుద్దుతారు. ముందురోజే వ్యాక్స్ చేయించుకుని కూర్చుంటే ఫొటోల్లో కళ్లనీళ్లు ఆనందబాష్పాలుగా కనిపిస్తాయి గానీ అసలు కారణం మంట. నలుగుకి కనీసం మూడు రోజుల ముందు వ్యాక్స్ అయిపోవాలి. మెహందీకి ముందే అవ్వాలి, తర్వాత అయితే పట్టీతోపాటు పైపొర లేచి రంగు వెలిసిపోతుంది. పెళ్లికి నెల కూడా లేనప్పుడు, ఎప్పుడూ షేవింగ్ చేసుకునేవాళ్లు కొత్తగా వ్యాక్స్ మొదలుపెట్టడం రిస్క్. చర్మం ఎలా స్పందిస్తుందో తెలియదు. ఆ పెళ్లికి రేజర్‌తోనే వెళ్లండి, ముందురోజు రాత్రి కొత్త బ్లేడుతో గీసుకుంటే పీటల మీద నున్నగానే ఉంటాయి.

అమెరికా నుంచి మూడు వారాలకి ఇండియా వచ్చేవాళ్లది ఇంకో సమస్య. అక్కడ వ్యాక్సింగ్ ఖరీదని ఇక్కడ చేయించుకోవాలనుకుంటారు, విమానం ఎక్కే ముందురోజు అలవాటుగా షేవ్ చేసుకుంటారు. దిగాక వెంట్రుక పెరిగేసరికి తిరుగు ప్రయాణం. టికెట్ తేదీకి మూడు వారాల ముందే రేజర్ ఆపేయండి.

మధ్యలో, అంటే పన్నెండో రోజున, అనుకోకుండా ఏదో ఫంక్షన్ పడుతుంది. తప్పకుండా పడుతుంది. చీర, మోచేతి దాకా చేతులున్న బ్లౌజ్ వేసుకుంటే కాళ్లు కనిపించవు, గడిచిపోతుంది. అలా కుదరక రేజర్ పెట్టేస్తే మాత్రం, నాలుగు రోజుల తర్వాత పార్లర్‌కి ఫోన్ చేసి ముందు తీసుకున్న అపాయింట్‌మెంట్‌కే వస్తానని చెప్పకండి. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే.